డీజిల్ మంట పొలంలో, బ్యాటరీ రాయితీ పట్నంలో



పోయిన నెల సంఘం సమావేశానికి వచ్చినవాళ్లం, భోజనాలయ్యాక బర్కత్‌పుర చమన్ దగ్గర టీ తాగుతూ నిలబడ్డాం. ఒక్క టీ తాగినంత సేపట్లో ఆకుపచ్చ నంబరు ప్లేటు బండ్లు పందొమ్మిది పోయినయి. లెక్కబెట్టింది మేమే. స్కూటర్లు, ఆటోలు, అన్నం పొట్లాలు మోసే పిల్లగాండ్ల బండ్లు, రెండు కార్లు. చప్పుడు లేదు, పొగ లేదు. నల్లగొండ నుంచి వచ్చిన ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టి అన్నాడు: "పచ్చ ప్లేట్లన్నీ ఈడనే ఉన్నయి. పచ్చటి పొలాల్ల మాత్రం ఒక్కటి గూడ లేకపాయె." అందరం నవ్వినం. లోపలికి పోయి కూర్చున్నాక నవ్వు రాలేదు. ఆ రోజు ఎజెండాలో లేని విషయం మీద రెండు గంటలు చర్చ జరిగింది. ఆ చర్చలోంచి పుట్టిందే ఈ వ్యాసం.

మన సంఘంలోనే కొందరికి ఈ సంగతి నచ్చదు. "బ్యాటరీ బండ్ల ముచ్చట కార్ల కంపెనీలది, మనకెందుకు? మనం మద్దతు ధర గురించి మాట్లాడాలె" అంటారు. మద్దతు ధర అడుగుతూనే ఉన్నాం, అడుగుతూనే ఉంటాం. కానీ పంట అమ్మే దగ్గర కొట్టే దెబ్బ ఒకటైతే, దున్నే దగ్గర కొట్టే దెబ్బ ఇంకొకటి. రెండో దెబ్బ పేరు డీజిల్. అది రోజూ తగులుతుంది కాబట్టి నొప్పి అలవాటైంది, అంతే.

లెక్క చూద్దాం. 2014లో లీటరు డీజిల్ మీద కేంద్రం వేసే ఎక్సైజ్ సుంకం 3 రూపాయల 56 పైసలు. అదే 2020 మే నాటికి 31 రూపాయల 83 పైసలైంది. అంటే తొమ్మిదింతలకు దగ్గర. కరోనా వచ్చి ప్రపంచమంతా ముడి చమురు ధర నేలకు పడిపోయినప్పుడు, ఆ తగ్గుదల మన ట్రాక్టర్ దాకా రాకుండా మధ్యలోనే ఖజానాకు మళ్లించుకున్నారు. తర్వాత 2021 నవంబర్‌లో పది, 2022 మేలో ఆరు తగ్గించి దీపావళి కానుక అని ఒకసారి, పేదల మీద దయ అని ఇంకోసారి చెప్పుకున్నారు. 2022 జూన్‌లో మన దేశం కొనే ముడి చమురు బ్యారెల్ 116 డాలర్ల దాకా పోయింది. 2025 వేసవిలో 65, 70 డాలర్ల మధ్యకు దిగింది. మరి హైదరాబాద్‌లో డీజిల్ ఎంత తగ్గింది? 97 రూపాయల 82 పైసల నుంచి 95 రూపాయల 65 పైసలకు. రెండు రూపాయలు! అదీ 2024 మార్చిలో, పార్లమెంటు ఎన్నికల ముంగిట. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో చమురు ఇంకా దిగితే, లీటరుకు రెండు రూపాయలు ఎక్సైజ్ పెంచి ఆ లాభం కూడా ఢిల్లీలోనే ఆపేశారు.

రాష్ట్రం తక్కువ తిన్నదా? డీజిల్ మీద తెలంగాణ వ్యాట్ 27 శాతం. అసలు ధరకు ఎక్సైజ్ కలిపి, ఆ మొత్తం మీద వ్యాట్ కడతారు. పన్ను మీద పన్ను. రెండు ప్రభుత్వాలవి కలిపితే లీటరుకు సుమారు 38 రూపాయలు. ఎకరం వరికి కేజీవీల్స్‌తో దమ్ము చేయాలంటే, నేలను బట్టి మాకు పది పన్నెండు లీటర్లు తాగుతుంది. అంటే నాటు పడకముందే ఎకరానికి 450 రూపాయల దాకా పన్ను కట్టినట్టు. కిరాయికి దున్నించుకునే రైతు "నేను డీజిల్ కొనలేదు" అనుకుంటాడు. గంటకు ఇచ్చే కిరాయిలో ఆ పన్ను దాక్కుని ఉంటుంది. కోత మిషనుకు ఇచ్చినప్పుడు మళ్లీ ఒకసారి. వడ్లు మార్కెట్‌కు తోలినప్పుడు ఇంకోసారి.

ఇందులో ఒక పన్ను పేరు చూస్తే ఏడవాలో నవ్వాలో తెలియదు. 2021 ఫిబ్రవరి నుంచి లీటరు డీజిల్ మీద నాలుగు రూపాయలు, పెట్రోల్ మీద రెండున్నర "వ్యవసాయ మౌలిక వసతుల, అభివృద్ధి సెస్సు" అని వసూలు చేస్తున్నారు. మిగతా సుంకం అంత మేర తగ్గించాం కాబట్టి ధర పెరగలేదన్నారు. నిజమే, పెరగలేదు. కానీ సెస్సు అని పేరు మార్చగానే అందులోంచి రాష్ట్రాలకు వాటా ఇవ్వక్కర్లేదు. రైతు పేరు పెట్టి, రైతు ట్రాక్టర్ ట్యాంకులోంచే తీసి, రైతు ఉన్న రాష్ట్రానికి ఇవ్వకుండా పెట్టుకునే ఏర్పాటు ఇది. మన ఊరి కల్లానికి ఆ నాలుగు రూపాయల్లోంచి ఏమొచ్చింది? వడ్లు ఇప్పటికీ రోడ్డు మీదే ఆరబోస్తున్నాం.

ధరలను కంపెనీల చేతికి వదిలింది ఒక్క పార్టీ కాదని కూడా గుర్తుపెట్టుకోవాలి. పెట్రోల్‌ను 2010 జూన్‌లో ఒక ప్రభుత్వం వదిలేసింది, డీజిల్‌ను 2014 అక్టోబర్‌లో ఇంకో ప్రభుత్వం వదిలేసింది. మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్ల పైనే బయటి నుంచి వస్తుంది. హార్ముజ్ దగ్గర ఓడ ఆగితే ఇబ్రహీంపట్నంలో నాగలి ఆగుతుంది. ఈ బంధంలోంచి బయటపడే దారి గురించి ఆలోచించడం కార్ల కంపెనీల పని మాత్రమే అనుకుంటే, ఆ దారి కూడా వాళ్లకు కావలసినట్టే వేసుకుంటారు. ఇప్పటికే వేసుకుంటున్నారు.

ఎలాగంటారా? 2019లో కేంద్రం ఫేమ్ రెండో దశ అని పదివేల కోట్లతో పథకం తెచ్చింది. స్కూటర్లకు, ఆటోలకు, కార్లకు, బస్సులకు. 2024 అక్టోబర్ నుంచి పీఎం ఈ-డ్రైవ్ అని 10,900 కోట్లతో ఇంకొకటి. ఇందులో స్కూటర్లున్నాయి, ఆటోలున్నాయి, బస్సులున్నాయి, అంబులెన్సులకు 500 కోట్లు, లారీలకు 500 కోట్లు, రోడ్ల పక్కన చార్జింగ్ కేంద్రాలకు 2,000 కోట్లు ఉన్నాయి. ట్రాక్టర్ లేదు. దేశంలో ఏటా లక్షల ట్రాక్టర్లు అమ్ముడుపోతాయి, ప్రతి ఒక్కటీ డీజిల్ తాగుతుంది. అయినా రాసినవాళ్ల కళ్లకు అది బండిలా కనపడలేదు. బస్సులకు, అంబులెన్సులకు ఇవ్వొద్దని మేము అనం. వాటి పక్కన ఇంకొక్క గీత రాయడానికి పెన్నులో సిరా అయిపోయిందా అని అడుగుతున్నాం.

రాష్ట్రం కొంచెం నయం, కాగితం మీద. 2020 అక్టోబర్‌లో తెచ్చిన ఎలక్ట్రిక్ వాహన విధానంలో ట్రాక్టర్ పేరు ఉంది. 2024 నవంబర్ ఉత్తర్వుతో 2026 డిసెంబర్ 31 దాకా బ్యాటరీ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేశారు, ట్రాక్టర్లకూ వర్తిస్తుందన్నారు. బర్కత్‌పురలో ఇరవై లక్షల కారు కొన్నాయనకు దీనివల్ల లక్షలు మిగులుతాయి. ట్రాక్టర్ కొనే రైతు నడుము విరిగేది రోడ్డు పన్ను దగ్గర కాదు, ట్రాక్టర్ ధర దగ్గర. 2020 డిసెంబర్‌లో సోనాలిక కంపెనీ 15 గుర్రాల బ్యాటరీ ట్రాక్టర్ తెచ్చినప్పుడు ధర 5 లక్షల 99 వేలు. అదీ మొదట్లో ఇచ్చిన ధర. ఆ శక్తి గల డీజిల్ ట్రాక్టర్‌తో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. ఆ తేడా పూడ్చకుండా రోడ్డు పన్ను మాఫీ అంటే, ఆకలైనవాడికి విస్తరి కడిగి ఇచ్చినట్టే.

మన హైదరాబాద్‌లోనే సెలెస్టియల్ అనే చిన్న సంస్థ ఆ 2020లోనే 27 గుర్రాల బ్యాటరీ ట్రాక్టర్ చేసి చూపించింది. మంచి పని. రెండేళ్లు తిరక్కముందే మురుగప్ప గ్రూపుకు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ 161 కోట్లు పెట్టి అందులో 70 శాతం దాకా వాటా కొనేసింది. కొన్నందుకు తప్పు పట్టడం లేదు. పెట్టుబడి పెట్టేవాడికి ఈ ట్రాక్టర్‌లో రేపు కనిపించింది, ప్రభుత్వానికి మాత్రం కనిపించలేదు అని చెప్తున్నాం.

ఇప్పుడు సూర్యుడి సంగతి. చాలామంది మిత్రులు "ట్రాక్టర్ టాపు మీద సోలార్ ప్లేటు పెడితే అయిపాయె, ఎండతోనే నడుస్తది గదా" అంటారు. ఫోన్లలో వీడియోలు కూడా అట్లాంటివే తిరుగుతున్నాయి. ఈ భ్రమ మనం తొలగించుకోవాలి, లేకపోతే రేపు ఎవడో ఒకడు ప్లేటు తగిలించి లక్ష ఎక్కువ గుంజుతాడు. మన దగ్గర ఒక కిలోవాట్ ప్లేట్లు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. ట్రాక్టర్ టాపు రెండు చదరపు మీటర్లు అనుకుంటే 400 వాట్ల ప్లేటు పడుతుంది. రోజుకు ఒకటిన్నర యూనిట్ పైచిలుకు. 25 యూనిట్ల బ్యాటరీ నిండాలంటే పదహారు రోజులు ఎండలో నిలబెట్టాలి. పూణెలో ఈవా అనే చిన్న కారు టాపు మీద ప్లేటు పెట్టి, ఎండతో ఏడాదికి 3,000 కిలోమీటర్ల దాకా వస్తుందని 2025లో చూపించారు. పంచితే రోజుకు ఎనిమిది కిలోమీటర్లు. ఆఫీసుకు పోయివచ్చే ఆయనకు అది చాలు. నేల తవ్వే ట్రాక్టర్‌కు చాలదు.

ప్లేట్లు ఉండాల్సింది బండి మీద కాదు, బోరు దగ్గర, కొట్టం మీద. ఐదు గుర్రాల సోలార్ పంపుకు దగ్గర దగ్గర ఐదు కిలోవాట్ల ప్లేట్లు ఉంటాయి. అంటే ఎండ ఉన్న రోజు ఇరవై యూనిట్లు. మోటారు నడవని రోజు ఆ ఇరవై యూనిట్లు ఏమవుతున్నాయి? గాలికి పోతున్నాయి. మే నెలలో ఎండ దంచుతుంటే, పొలం ఖాళీగా ఉంటే, ప్లేట్లు ఊరికే కాగుతుంటాయి. పీఎం-కుసుమ్ నిబంధనల్లోనే దీనికి దారి ఉంది. యూనివర్సల్ కంట్రోలర్ అనే పెట్టె బిగిస్తే, మోటారు బందు ఉన్నప్పుడు అదే కరెంటుతో గడ్డి కోసే యంత్రం, పిండి గిర్నీ నడుపుకోవచ్చు, బ్యాటరీ నింపుకోవచ్చు. కేంద్రం రాసుకున్న మాటే ఇది. ఊళ్లో అధికారిని అడిగి చూడండి, ఆ పెట్టె పేరు విన్నట్టు కూడా మొహం పెట్టడు.

డీజిల్‌కు, కరెంటుకు పోలిక కూడా తెలుసుకోవాలి. లీటరు డీజిల్‌లో పది యూనిట్ల వేడి ఉంటుంది. ఇంజన్ అందులో మూడో వంతు కూడా పనికి వాడలేదు, మిగతాది పొగ గొట్టంలోంచి, రేడియేటర్‌లోంచి పోతుంది. బ్యాటరీ మోటారు తీసుకున్నదాంట్లో చాలా వరకు చక్రానికి ఇస్తుంది. కాబట్టి లీటరు డీజిల్ చేసే పనిని మూడు, మూడున్నర యూనిట్ల కరెంటు చేస్తుంది. 95 రూపాయలు ఒక దిక్కు, మన ప్లేటు మీద పడ్డ ఎండ ఒక దిక్కు.

అయితే ఇదే లెక్క మన ఆశకు కళ్లెం కూడా వేస్తుంది. ఎకరం దమ్ముకు పన్నెండు లీటర్లంటే నలభై యూనిట్ల దాకా. 25 యూనిట్ల బ్యాటరీ ట్రాక్టర్ బురదలో ఎకరం పూర్తి కాకముందే చేతులెత్తేస్తుంది. కాబట్టి రేపే డీజిల్ ట్రాక్టర్లు అమ్మేయమని ఎవరైనా చెప్తే నమ్మకండి. వాళ్లు పొలం చూసినవాళ్లు కాదు. కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ కింద దుర్గాపూర్‌లో ఉన్న యంత్రాల పరిశోధనాలయం 2023లో ప్రైమా ఈటీ11 అనే చిన్న బ్యాటరీ ట్రాక్టర్ బయటపెట్టింది. ఇంటి ప్లగ్గులో ఏడెనిమిది గంటలు చార్జింగ్ పెడితే పొలంలో నాలుగు గంటలు, ట్రాలీ లాగితే ఆరు గంటలు పని చేస్తుందని వాళ్లే చెప్పారు. బండి ఖాళీగా ఉంటే ఆ బ్యాటరీతో పంపు నడుపుకోవచ్చు కూడా. పత్తిలో, కూరగాయల్లో అంతర సేద్యానికి, మందు కొట్టడానికి, తోటలకు, తోలకాలకు ఇది సరిపోతుంది. చిన్న కమతాల రైతుకు ఏడాదిలో ఎక్కువ రోజులు పడే పని ఇదే. దమ్ముకు డీజిల్ ఉండనీ, తక్కిన పనికి ఎందుకు కాల్చాలి?

ఇదే దుర్గాపూర్ సంస్థ 2008 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు, ఢిల్లీలో సోలెక్‌షా అని ఒక రిక్షా కూడా తెచ్చింది. తొక్కేవాడికి తోడుగా మోటారు, ఆ మోటారుకు సోలార్ కేంద్రంలో నింపిన బ్యాటరీ. మంత్రులు ఎక్కి ఊరేగారు, ఫొటోలు దిగారు. ఇవాళ ఆ బండి ఎక్కడా కనపడదు. తర్వాత ఢిల్లీని నింపింది విడి భాగాలు తెచ్చి బిగించిన ఈ-రిక్షాలు. మన శాస్త్రవేత్తలు చేయలేక కాదు, చేసినదాన్ని జనంలోకి తెచ్చే బాధ్యత ఎవరూ తీసుకోక. ఈటీ11 గతి కూడా అట్లా కావద్దు.

ఇక మా సొంత అనుభవం. దాచుకోకుండా చెప్తాం, ఎందుకంటే మంచీ చెడూ రెండూ అందులోనే ఉన్నాయి.

మా ఊరు ఇబ్రహీంపట్నం దిక్కు. టమాట, వంకాయ, ఆకుకూరలు వేస్తాం, సరూర్‌నగర్ రైతు బజారుకు తోలుతాం. పోను రాను అరవై కిలోమీటర్ల పైనే. డీజిల్ ట్రాలీ ఆటోకు రోజుకు మూడు వందలు పోయేది. మూడు కుటుంబాలం కలిసి, వాయిదాల మీద బ్యాటరీ ట్రాలీ ఆటో తీసుకున్నాం. మా అందరి పశువుల కొట్టం రేకుల మీద రెండు కిలోవాట్ల ప్లేట్లు వేయించాం. పైసా సబ్సిడీ లేదు, ఒకరి ఇంట్లో చిట్టీ ఎత్తిన డబ్బులు.

కూరగాయల బండికి, సూర్యుడికి వేళ ఎట్లా కుదిరిందో చూడండి. బండి తెల్లవారుజామున మూడింటికి లోడుతో పోతుంది. పది, పదకొండుకు ఖాళీగా తిరిగొస్తుంది. అప్పుడే ఎండ ముదురుతుంది. కొట్టం కింద నిలబెట్టి వైరు పెడితే సాయంత్రం నాలుగుకల్లా నిండేది. అరవై కిలోమీటర్లకు ఐదారు యూనిట్లు. మబ్బు పట్టిన రోజు ఇంటి కరెంటు కొంత తోడు. పది నెలలు అట్లా నడిచింది. నెలకు ఎనిమిది వేల దాకా డీజిల్ మిగిలితే అందులోంచే వాయిదా కట్టాం. ఊళ్లో ఇంకో నలుగురు అడగడం మొదలుపెట్టారు. మా ఆడవాళ్లు కూడా నడిపారు, గేర్లు లేవు కదా.

పదకొండో నెల, వానల్లో, ఒక రాత్రి టమాట లోడు ఎక్కించాక బండి కదలలేదు. తెర మీద ఎర్ర గుర్తు. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదైందని మెసేజ్ వచ్చింది. మనిషి రావడానికి మూడు వారాలు. వచ్చినాయన లాప్‌టాప్ పెట్టి చూసి, "మీరు సోలార్‌తో చార్జింగ్ పెట్టారు, మా చార్జర్ కాకుండా వేరే లైన్ కలిపారు, వారంటీ వర్తించదు" అన్నాడు. మేము వాడింది వాళ్లిచ్చిన చార్జరే, కరెంటు మాత్రం కొట్టం మీది ప్లేట్ల నుంచి వచ్చింది. కొత్త బ్యాటరీ ధర చెప్పాడు. బండి ధరలో సగానికి దగ్గర. ఆ రాత్రి టమాట సగం కుళ్లింది, సగం అడ్డికి పావుశేరు అమ్ముకున్నాం. వాయిదా మాత్రం తేదీ తప్పకుండా బ్యాంకులో కోసుకున్నారు.

బండిని డీసీఎం మీద ఎక్కించి పట్నం తెచ్చాం. బర్కత్‌పుర సందులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, ముప్పై ఏండ్ల నుంచి ఆటోలు బాగు చేస్తున్న చేయి. విప్పి, మీటరు పెట్టి, గంట చూసి అసలు సంగతి చెప్పాడు: "పెద్దాయనా, బ్యాటరీ మొత్తం పోలే. ఇందుల ఒక్క వరస సెల్లులే పోయినయి. అవి మారిస్తే నడుస్తది. కానీ మార్చినా బండి లేవదు. కంపెనీ కంప్యూటరుతోని తాళం ఏసిండ్రు, చాబీ వాళ్ల తానే ఉంది. ఇంజన్ బండయితే పొద్దుగూకేలోగా నీ చేతుల పెడుతుంటి." టీ తాగించాడు, పైసలు తీసుకోలేదు. బండిని మళ్లీ డీసీఎం మీదే ఊరికి తీసుకుపోయాం.

ఈ ఒక్క మాట దగ్గరే మన సంఘం ఆగి ఆలోచించాలి. డీజిల్‌కు గల్ఫ్ మీద ఆధారపడ్డాం, బ్యాటరీకి కంపెనీ లాప్‌టాప్ మీద ఆధారపడితే బానిసత్వం మారలేదు, యజమాని మారాడు. మన నాన్నల నాటి ట్రాక్టర్‌ను ఊరి మెకానిక్ చెట్టు కింద విప్పి బిగించేవాడు. ఎండాకాలం ఎన్ని రోజులైనా ఆగుతాం. దుక్కి అదునులో మూడు వారాలు బండి ఆగితే ఆ ఏడాది పంట పోయినట్టే. అమెరికాలో పెద్ద పెద్ద రైతులే ఈ తాళాల మీద పోరాడారు. 2023లో కొలరాడో రాష్ట్రం రైతు తన యంత్రాన్ని తానే బాగు చేసుకునే హక్కు ఇస్తూ చట్టం చేసింది. మన దగ్గరా 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ ‘మరమ్మతు హక్కు’ మీద కమిటీ వేసింది. ఏయే రంగాలకు అని చెప్పిన జాబితాలో వ్యవసాయ పరికరాలు ఉన్నాయి. చట్టం మాత్రం రాలేదు. వెబ్‌సైటు పెట్టి ఊరుకున్నారు. తాళం చెవి రైతుకు, ఊరి మెకానిక్‌కు ఇవ్వని కంపెనీకి ప్రజల సొమ్ములోంచి ఒక్క రూపాయి రాయితీ ఇవ్వకూడదు. ఎండతో నింపితే వారంటీ పోతుందనే షరతు ఏ కాగితంలోనూ ఉండకూడదు. మా మొదటి కోరిక ఇదే, సబ్సిడీ కంటే ముందు.

బ్యాటరీ సెల్లుల సంగతికొస్తే, ఇవాళ వాటిలో అత్యధిక భాగం చైనా నుంచే. ఇక్కడ తయారు చేయడానికి 2021లో కేంద్రం 18,100 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది, పెట్టుబడి 9,500 కోట్లని ప్రకటించారు. పాలమూరు బిడ్డలు బొంబాయికి, పూణెకు వలస పోయి మట్టి మోసిన జిల్లా అది. అక్కడ తయారయ్యే సెల్లులు పాలమూరు రైతు ట్రాక్టర్‌లోకి కూడా రావాలని అడగడం అత్యాశ కాదు. రాష్ట్రం రాయితీలిచ్చే చోట ఈ షరతు పెట్టొచ్చు.

ఇప్పుడు మనవాళ్లలో ఉన్న అసలు భయం. సమావేశంలో చాలామంది ఇదే లేవనెత్తారు: "ట్రాక్టర్ చార్జింగ్ అని మొదలుపెడితే, ఆ వంకతో బోర్లకు మీటర్లు తెస్తరు. సోలార్ పంపు ఇచ్చి ఉచిత కరెంటు కనెక్షన్ పీకేస్తరు." ఈ భయం ఊరికే రాలేదు. మేము కూర్చున్న బర్కత్‌పుర నుంచి బషీర్‌బాగ్ ఎంత దూరం? రెండు, మూడు కిలోమీటర్లు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద అసెంబ్లీకి నడిచిన జనం మీద అక్కడే కాల్పులు జరిగాయి. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలిచ్చారు. ప్రపంచ బ్యాంకు సంస్కరణల పేరుతో మొదలైన కథ అది. 2004లో ఉచిత కరెంటు వచ్చిందన్నా, 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటలు అన్నా, ఆ రక్తం లేకుండా రాలేదు. ఢిల్లీ సరిహద్దుల్లో 2020–21లో ఏడాది పాటు కూర్చున్న రైతుల కోరికల్లో కరెంటు సవరణ బిల్లు వెనక్కి తీసుకోవాలనేది ఒకటి.

అందుకే మాట స్పష్టంగా ఉండాలి. ఉచిత కరెంటు ఉన్న కనెక్షన్ ముట్టుకోవద్దు. సోలార్ దానికి బదులు కాదు, దానికి తోడు. కుసుమ్ సోలార్ పంపులో కేంద్రం 30, రాష్ట్రం 30, రైతు 40 శాతం. ఆ నలభైకి అప్పు చేసి, ఉన్న ఉచిత కరెంటు పోగొట్టుకుంటే రైతు రెండు విధాలా మునుగుతాడు. పోడు భూముల గిరిజన రైతులకు 2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో మొదలుపెట్టిన ఇందిర సౌర గిరి జల వికాసం మంచిదే, 12,600 కోట్లతో ఆరు లక్షల ఎకరాలకు అని చెప్పారు. కరెంటు లైను లేని చోట ప్లేట్లు వరం. అక్కడ బిగించే ప్రతి పంపుకూ బ్యాటరీ నింపుకునే పెట్టె ఇప్పుడే కలపమని అడుగుదాం. తర్వాత కలపాలంటే ఇంకో టెండరు, ఇంకో కమీషను.

పట్నంలో ఇంటి కప్పు మీద మూడు కిలోవాట్ల ప్లేట్లకు సూర్యఘర్ పథకం కింద 78 వేలు వస్తాయి. పల్లెలో ఇంటి కప్పుకూ వస్తాయి, కాదనం. కానీ మా పశువుల కొట్టానికి రాలేదు, అది ఇల్లు కాదట. పొలం దగ్గర గుడిసెకు రాదు. కౌలు రైతుకైతే ఏ పథకంలోనూ రాదు, ఎందుకంటే పాసు పుస్తకం లేదు. మన సంఘంలో సగం మంది కౌలుదార్లే. అందుకని బ్యాటరీ ట్రాక్టర్లు ఒక్కొక్కరికి కాకుండా, ఊరికి రెండో మూడో, మహిళా సంఘాల చేతికో సహకార సంఘం చేతికో ఇచ్చి, కొట్టం మీద ప్లేట్లు వేసి, కిరాయికి నడిపించాలని అడగాలి. కౌలుదారు కూడా గంటకు ఇంత అని ఇచ్చి దున్నించుకుంటాడు.

మార్కెట్ యార్డుల్లో కూడా చోటు ఉంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో కుళ్లిన కూరగాయలతో, రోజుకు పది టన్నుల చెత్తతో, ఐదు వందల యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని రేడియోలో మెచ్చుకున్నారు. ఆ కూరగాయలు పండించి, ధర రాక అక్కడ పారబోసి పోయింది మనమే. సరుకు దించే రెండు గంటలు ఆ మార్కెట్‌లోనే మన బండ్లు నింపుకునే ప్లగ్గులు పెడితే, వంటిమామిడి నుంచి, శామీర్‌పేట నుంచి వచ్చే రైతు తిరుగు ప్రయాణానికి భయపడడు.

మా ట్రాలీ ఇంకా కొట్టంలోనే ఉంది. ప్లేట్లు మాత్రం ఊరికే లేవు, వాటి కరెంటుతో గడ్డి మిషను తిప్పుతున్నాం. సంఘం తరఫున కంపెనీకి రాతపూర్వకంగా నోటీసు పంపాం, వినియోగదారుల కమిషన్‌కు పోవడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. ఇట్లా బ్యాటరీ బండి కొని తాళం పడినవాళ్లు మీ మండలంలో ఉంటే వాయిదా రసీదులు, వారంటీ కాగితాలు మాకు చేర్చండి, అందరివీ కలిపి వేద్దాం. ఇంకో పని: వచ్చే నెల రెండో ఆదివారం బర్కత్‌పుర సమావేశానికి వచ్చే ప్రతి సభ్యుడూ ఈ వానాకాలం డీజిల్ బిల్లులు వెంట తేవాలి. కిరాయికి దున్నించినవాళ్లు ట్రాక్టర్ గంటలు, ఇచ్చిన పైసలు ఒక కాగితం మీద రాసుకురండి. కౌలు రైతులు తప్పక రండి. ఆ లెక్కలు కూడితేనే, ఒక్కో జిల్లా నుంచి డీజిల్ పన్ను ఎంత పోయిందో వ్యవసాయ మంత్రి బల్ల మీద పెట్టగలుగుతాం.